కూత మోగని రోజులు

55వ ఏడు, ఏడో నెల 3

ఈ నెల తొట్టెలోకి వెళ్లే పుస్తకాల జాబితా పొద్దున గోడకు అంటించారు. మొత్తం పదహారు. పదకొండోది మా అయ్యది.

ఈ చరిత్రశాలలో ఇరవై రెండేళ్లుగా తేదీలు సరిచూసే పని నాది. ఎక్కడెక్కడి ఊళ్ల పాత పుస్తకాలో వస్తాయి. వాటిలోని తేదీలను ఉమ్మడి లెక్కకు సరిపెట్టి, ఏది ఏ ఏట జరిగిందో తేల్చి పక్క గదికి పంపుతాను. అక్కడ లోకచరిత్ర రాస్తారు. సరిపడని పుస్తకాలను నెలాఖరున, అంటే ఇరవై ఎనిమిదిన, తొట్టెలో నానబెట్టి గుజ్జు చేసి కొత్త కాగితం పోస్తారు. కాగితం కరువు అలాంటిది మరి. నేను రాస్తున్న ఈ పుస్తకం కూడా అలా పోసిందే. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఎవరిదో పాత అక్షరం ముక్క కనిపిస్తుంది.

ఇన్నేళ్లలో నేను సరిపడదని రాసిచ్చిన పుస్తకాలు ఎన్ని తొట్టెలో పడ్డాయో లెక్కలేదు. ఒక్క రోజూ నాకు అన్నం సహించకుండా పోలేదు. ఇవాళ సహించలేదు.

సొంతవాళ్ల పుస్తకం సొంతవాళ్లు సరిచూడకూడదని ఇక్కడ నియమం. అందుకని అయ్య పుస్తకాన్ని ఈ చరిత్రశాలకు పెద్ద అయిన ఉదయశ్రీ చూసింది. నాకంటే పాతికేళ్లు చిన్నది. తెలివైన పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. ఆ మర్యాద చూస్తేనే ఇవాళ నాకు ఒళ్లు మండింది.

ఏడో నెల 4

ఉదయ గదికి వెళ్లాను. గోడ పొడుగునా మూడు తాళ్లు కట్టి ఉంటాయి. పైన మోకు. కొండలు లేచి, సముద్రాలు జరిగే కాలం అది. దాని మీద జాన అంటే లక్షల ఏళ్లు. మధ్యన పగ్గం. పంటలు, ఓడదారులు, రాజ్యాలు దాని మీద ముడులు వేసి ఉంటాయి, జానకు నూరేళ్లు. కింద దారం. అది మనుషుల రోజులది. లోకచరిత్ర రాయడమంటే ఈ మూడింటినీ ఒకదానికొకటి జారిపోకుండా పట్టుకోవడమే అంటుంది ఉదయ. నిజమే, కాదనను.

పగ్గం మీద ఎర్ర ముడి ఒకటి ఉంది. ఆకాశం నుంచి వేళ అందుకునే గడియారాలన్నీ ఒకే పూట ఆగిపోయిన రోజు. దాంతో పాటు ఇంకా ఏవేవి ఆగాయో ఇక్కడ అందరికీ తెలుసు. ఉమ్మడి లెక్క అక్కడినుంచే మొదలు. దానికి ముందంతా పాత లోకం, తర్వాతదంతా కొత్త లోకం.

మా గాలిరేవులో గడియారం ఆగలేదు. అది కీ ఇచ్చే గోడ గడియారం. మాది సముద్రం పక్కన ఉప్పు మడుల ఊరు, డెబ్బై గడప. ఆ రోజుల్లోనే తుపానుకు రోడ్డు కొట్టుకుపోయింది, ఉప్పు కొనే లారీలు రావడం మానేశాయి. రోడ్డు పడ్డాక వస్తాయిలే అనుకున్నారు మావాళ్లు. అలా అనుకుంటూ తొమ్మిదేళ్లు ఉప్పు తీశారు. మా అయ్య కూర్మయ్య సైరన్ గది మనిషి. చేత్తో తిప్పే సైరన్. మడుల్లో పని వేళలకు రోజుకు మూడు కూతలు. మూడూ పుస్తకంలో రాసేవాడు, దాంతో పాటు పనివాళ్ల హాజరు, గాలి, పోటు వచ్చిన వేళ. ఊళ్లో అందరూ ఆయన్ని కూత కూర్మయ్య అనేవారు. లోకం ఆగిపోయాక తొమ్మిదేళ్లు మా ఊరు పాత లోకంలోనే ఉంది. నాకు మూడో ఏడు నుంచి పన్నెండో ఏడు దాకా అక్కడే గడిచింది.

ఆ తొమ్మిదేళ్లు పగ్గం మీద ఎంతవుతాయో బొటనవేలు పెట్టి చూశాను. గోరంత. మా ఊరు ఊరంతా నా గోరు కింద పట్టేసింది.

ఏడో నెల 6

నీళ్ల వంతు నాది. నాలుగు బిందెలు మోసి, గాలిమర ఇరుసుకు నూనె వేసి, అప్పుడు ఉదయతో కూర్చున్నాను.

అయ్య తప్పు ఏమిటో చూపించింది. నాలుగో ఏట సూర్యగ్రహణం పట్టింది. ఆ రోజు ఏదో లోకమంతటికీ తెలుసు. అయ్య రాశాడు: “పగలే చీకటి. కోళ్లు గూట్లోకి పోయాయి. కూత మాత్రం పన్నెండుకే.” చదివి ఇద్దరం నవ్వుకున్నాం. కానీ అయ్య వేసిన తేదీ అసలు తేదీకి పద్నాలుగు రోజులు వెనక ఉంది. తొమ్మిదో ఏట ఈ కొండమీది వాళ్ల పడవ వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. పడవ పుస్తకంలో ఆ రోజు తేదీ ఉంది. అయ్య చివరి తేదీ దానికి నలభై ఒక్క రోజులు వెనక.

పది రోజుల పైన తేడా ఉండి, కారణం తేలకపోతే తొట్టె. ఈ నియమం రాసిన నలుగురిలో నేనూ ఒకదాన్ని.

తప్పు సమానంగా పెరిగితే సరిచేయొచ్చు, ఇది ఇష్టమొచ్చినట్టు పెరిగిందంది ఉదయ. ఒక ఏడు రెండు రోజులే. ఆరో ఏట ఏకంగా పదకొండు. మా అయ్య ఇష్టమొచ్చినట్టు చేసే మనిషి కాదు, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా మూడు కూతలూ మోగించాడని చెప్పాను. ఆ అమ్మాయి తల వంచుకుని విన్నది. పుస్తకాన్ని మాత్రం జాబితాలోంచి తియ్యలేదు.

ఏడో నెల 9

ఇవాళ మధ్యాహ్నం ఉదయ నా బల్ల దగ్గరికి వచ్చి ఒక మాట అడిగింది.

“రత్నంగారూ, తొమ్మిదేళ్లలో మీ ఊళ్లో ఒక్కరూ చనిపోలేదా? పుస్తకంలో పెళ్లిళ్లున్నాయి, పురుళ్లున్నాయి. ఒక్క చావు కూడా లేదు.”

ఆ పుస్తకం నాకు దాదాపు కంఠతా వచ్చు. ఇన్నేళ్లలో ఈ సంగతి నాకు తట్టలేదంటే నన్నేమనాలి? మనుషులు పోయారు. ఎంతమందో పోయారు. ఎవరైనా పోయిన రోజు ఊరు మడుల్లో దిగేది కాదు. దిగని రోజు అయ్య సైరన్ తిప్పేవాడు కాదు. పిల్లలం ఆ నిశ్శబ్దాన్ని బట్టే తెలుసుకునేవాళ్లం, ఇవాళ గట్టిగా ఆడకూడదని. కూత మోగని రోజుకు హాజరు లేదు. హాజరు లేని రోజుకు పుస్తకంలో వరుస లేదు. మర్నాడు కూత మోగాక, ఆ పోయిన రోజు తేదీనే వేసి అయ్య మళ్లీ మొదలుపెట్టేవాడు.

లోకం ఉన్నప్పుడు ఈ అలవాటు వల్ల నష్టం లేదు. అసలు తేదీ ఫలానా అని చెప్పడానికి వేరే గడియారాలు, వేరే క్యాలెండర్లు ఉండేవి. తర్వాత అయ్య పుస్తకమే ఊరికి పంచాంగమైంది. మా ఊరు ఆలస్యంగా నడవలేదు. పోయినవాళ్ల రోజుల్ని పక్కన పెట్టి నడిచింది.

ఇది చెబుతూ ఏడ్చాను. ఉదయ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, రుజువు కావాలంది.

ఏడో నెల 12

రుజువు పోటులో దొరికింది. సముద్రం పోటు రోజురోజుకూ ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా వస్తుంది. వరుస వేసిన ఏ రోజూ అయ్య పోటు రాయకుండా వదల్లేదు. నిన్న ఆరింటికి అయితే ఇవాళ ఆరూ ముప్పావు దాటాక, రేపు ఏడున్నర దాటాక. మధ్యలో ఒక రోజు వదిలేస్తే ఆలస్యం ఒక్కసారిగా రెట్టింపు అవుతుంది. మూడు రోజులు కూర్చుని తొమ్మిదేళ్ల పోటులన్నీ పక్కపక్కన రాశాను. రెట్టింపైన చోట్లు ఎన్నో ఉదయే లెక్కపెట్టింది. నా లెక్క నమ్మకూడదు కదా.

నలభై ఒకటి. ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఇంకేం, పుస్తకం బతికిందనుకుని లేచి నిలబడ్డాను. కూర్చోమంది. రోజులు పోయాయని తేలింది గానీ చావుల వల్లనే పోయాయని ఏమిటి గుర్తు, ఒళ్లు బరువై రాయని రోజులు కూడా కావచ్చు కదా అంది. ఒక్కొక్క ఖాళీకి ఒక్కొక్క పేరు రాసి, తెలిసిన ఇంకో మనిషి చేత ఔననిపించాలట. నలభై ఒక్క పేర్లు. నా చేతిలో పదహారు రోజులు.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆమె చోట నేనున్నా అదే అడిగేదాన్ని.

ఏడో నెల 15

గాలిరేవు వాళ్లం ఇక ఇద్దరమే మిగిలాం. నేను, గురువులు మావ. కింది మెట్టున పెద్దల ఇంట్లో ఉంటాడు. ఎనభై రెండేళ్లు. అప్పట్లో సైరన్ గది పక్కనే ఆయన మడి. తాళ్లతో దింపే బుట్టలో కొండ కిందికి దిగేసరికి నా మోకాళ్లు పట్టేశాయి. మావ ఎండలో కూర్చుని కాళ్లకు తనే నూనె రాసుకుంటున్నాడు.

నేను పదిహేడు పేర్లు రాసుకుని వెళ్లాను. మావ ఆ కాగితం వంక చూడనైనా చూడలేదు. ఊరి ఉత్తరపు కొస నుంచి ఇల్లిల్లూ చెప్పుకుంటూ వచ్చాడు. పాము కరిచిన తవిటమ్మ. మడిగట్టు మీద కూర్చుని కూర్చున్నట్టే పోయిన చొక్కారి బుడ్డోడు. పురిట్లో పోయిన లచ్చమ్మ, ఆమె వెనకే నెల తిరక్కుండా ఆమె అత్త. పాటలు పాడుతూ ఉప్పు లాగే దుర్యోధన, ఆయన పోయాక ఆ వరస మడుల్లో ఎవరూ పాడలేదట. ఒక్కొక్కరి పేరుతో పాటు ఆ ఇంటి వాసన కూడా నాకు తగులుతోంది. ఎండుచేప, తడి ఉప్పు, తాటాకు పొగ. ఈ కొండమీద దేనికీ వాసన లేదు. నలభై ఆరేళ్లుగా ఇక్కడుంటున్నా ఇది నా ఊరని ఒక్కసారీ అనిపించలేదు. ఎవరితోనూ అననిది, ఇక్కడ రాస్తున్నాను.

సాయంత్రానికి ముప్పై రెండు పేర్లయ్యాయి. ఇద్దరం అలిసిపోయాం.

ఏడో నెల 18

పేర్లను ఏడేడుగా ఖాళీలకు సరిపెడుతూ ఇవాళ ఆరో ఏడు తీశాం. జ్వరాల ఏడు. పదకొండు ఖాళీలు, పదకొండు పేర్లు. మావ తడుముకోకుండా చెప్పాడు. ఏడో పేరు దగ్గర ఆగి నా వంక చూశాడు. అది నేనే చెప్పాను. గున్నమ్మ, మా అమ్మ.

అమ్మ పోయిన తేదీ నాకు ఇన్నాళ్లూ తెలియదు. వానలు వెనకపట్టిన రోజులని తెలుసు, అంతే. ఏటా ఏదో ఒక రోజు అనుకుని ఒక ముద్ద పక్కన పెట్టేదాన్ని. అయ్యను అడిగితే, ఆ రోజు పుస్తకంలో లేదమ్మా అనేవాడు. చెప్పడం ఇష్టం లేక అంటున్నాడనుకునేదాన్ని.

ఆ ఏటి పుస్తకంలో ఒకచోట, పోటు వేళకూ గాలికీ మధ్య అయ్య ఒక వరుస రాశాడు. “రత్నానికి జడ వేశాను.” చిన్నప్పటినుంచీ ఆ వరుస చూస్తూనే ఉన్నాను. సైరన్ పుస్తకంలో జడ సంగతెందుకు రాశాడా అనుకునేదాన్ని. ఇవాళ పోటు చూశాను. సరిగ్గా ఆ వరుసకు ముందే ఆలస్యం రెట్టింపయింది.

“మీ అయ్యకి జడ పాయలు తీడం రాదు గుంటా. నాలుగుసార్లు ఇప్పీసి మల్లీ అల్లినాడు. నువ్వు కదలకుండా కూకున్నావు” అన్నాడు మావ.

నాకు గుర్తు లేదు. ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు. కానీ అమ్మకు తేదీ దొరికింది. ఆరో ఏడు, పదో నెల 14.

ఏడో నెల 21

నలభై పేర్లు. ఒకటి తక్కువ. గ్రహణానికి ముందు పద్నాలుగు ఖాళీలుంటే పేర్లు పదమూడే ఉన్నాయి. పేరు లేని ఖాళీ మూడో ఏటిది. దానికి ముందు వరుసలో, “ఉత్తరం నుంచి పడవ. ఒక్కడే మనిషి.” తర్వాతి వరుసలో, “సైరన్ పిడి బాగుచేశాను. మూడు కూతలూ అయ్యాయి.”

పిడి విరిగిన రోజు నాకు బాగా గుర్తు. నాకు ఆరేళ్లు. కూత మోగకపోతే ఎవరు పోయారా అని ఊరంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ పోలేదని, పిడి విరిగిందని అయ్య చెబితే హమ్మయ్య అనుకుని, ఆ పూట పండగలా సెలవు చేసుకున్నారు.

అంటే ఆ ఒక్కటీ చావు కాదు. పిడి విరిగిన రోజు. చావు కాని రోజు ఒక్కటి తేలినా మిగతా నలభై మీదా అనుమానమే. దుర్బుద్ధి పుట్టింది. ఎవరో సోమన్న అని ఒక పేరు రాసేస్తే ఎవరికి తెలుస్తుంది? మావ కాదనడు. కలం సిరాలో ముంచాను కూడా. ఇరవై రెండేళ్లు ఇతరుల పుస్తకాల్లో దొంగ తేదీలు పట్టుకున్న చెయ్యి ఇది. కలం తుడిచి పెట్టేశాను.

ఏడో నెల 23

వద్దనుకుంటూనే మావను అడిగాను. పిడి ఎలా విరిగింది మావా, అని. కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

“పిడి ఇరగలేదే రత్నం” అన్నాడు. “మీ అయ్యే ఇప్పి దాసినాడు.”

ఆ పడవవాడు సైరన్ గది దగ్గరే దిగాడట. నీళ్లు తాగి, అయ్యకూ మావకూ మాత్రమే చెప్పాడు. గడియారాలు ఆగిపోయాయని, పట్నాల్లో దీపాలు లేవని, దారి పొడుగునా చూసిన ఊళ్లలో పొయ్యి వెలిగించే దిక్కు లేదని. రోడ్డు ఇక పడదు, లారీలు ఇక రావు. చెప్పి, తన వాళ్లను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు తెల్లారాక మావ మడిలో దిగి కూత కోసం చూశాడు. మోగలేదు. సైరన్ గదికి వెళితే అయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, పిడి ఒళ్లో పెట్టుకుని.

“ఎవులు పోనారు కూర్మయ్యా అని అడిగినాను. శానామంది పోనార్రా గురువులూ, పేర్లు నాకు తెల్దు అన్నాడు. అంతే. ఊరికి సెప్పొద్దన్నాడు. సెప్తే రేపు మడిలో ఎవులు దిగుతారు అన్నాడు. ఆ మర్నాడు పిడి ఎట్టి, తిప్పినాడు.”

ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారట. అయ్య పోయేదాకా నాకు కూడా చెప్పలేదు. ఆరేళ్ల పాటు రోజుకు మూడుసార్లు, లేని లోకానికి వేళ చెబుతున్నానని తెలిసీ ఆ మనిషి సైరన్ తిప్పాడు. అబద్ధమాడాడని నాకు కోపం వచ్చింది. మావ చెయ్యి పట్టుకుని కూర్చునేసరికి అది పోయింది. మేం అక్కడ బతికాం. నవ్వుకున్నాం, పెళ్లిళ్లు చేసుకున్నాం. లోకం పోయిందని తెలిస్తే ఆ తొమ్మిదేళ్లూ ఉండేవి కావు.

ఏడో నెల 25

జాబితా ఇచ్చేశాను. నలభై పేర్లు, మావ వేలిముద్ర. నలభై ఒకటో ఖాళీ మూడో ఏటిది. పేరు అని ఉన్నచోట “చాలామంది, పేర్లు తెలియవు” అని రాశాను. కింద మావ చెప్పిందంతా ఆయన మాటల్లోనే.

ఉదయ నిలబడి చదవడం మొదలుపెట్టి, మధ్యలో కూర్చుంది. చదివాక లేచి పగ్గం దగ్గరికి వెళ్లి, ఎర్ర ముడి మీద చెయ్యి వేసింది.

“దీన్ని మేం లోకమంతటికీ ఒకే రోజున కట్టేశాం రత్నంగారూ. మీ ఊరికి ఇది మూడేళ్ల తర్వాత వచ్చింది. వచ్చిన మర్నాటిని మీ నాన్నగారు లెక్కలోనే వెయ్యలేదు.”

ఆమె చిన్న ఎర్ర దారం ముక్క తీసుకుని, కింద మనుషుల దారం మీద, మూడేళ్లు ఇవతలగా ఇంకో ముడి వేసింది. ఆ తర్వాత గోడ దగ్గరికి నడిచి, జాబితాలో పదకొండో పేరు కొట్టేసింది.

మిగతా చరిత్రశాలలకు సాయంత్రం తంతి తీగ మీద ఈ సంగతి చెప్పారు. మడగాస్కర్ వాళ్ల జవాబు వెంటనే వచ్చింది. పదహారు రోజుల తేడా ఉన్న పడవరేవు పుస్తకం ఒకటి వాళ్ల తొట్టె పక్కన ఉందట. ఆగి, ముందు ఆ ఊరి ముసలివాళ్లను అడుగుతామన్నారు. నేను సరిపడవని రాసిచ్చిన పుస్తకాలు గుర్తొచ్చాయి. వాటి ముసలివాళ్లను నేను అడగలేదు.

ఏడో నెల 27

మావకు చెప్పడానికి కిందికి వెళ్లాను. పుస్తకం ఉంటుంది మావా, మన ఊరు లోకచరిత్రలో ఉంటుంది అన్నాను. ఎంత ఉంటాది, అని అడిగాడు. నా గోరు చూపించాను. నవ్వాడు. సాల్లే, అన్నాడు. పొద్దుటి నుంచి ఆయాసంగా ఉందని నీళ్లు మాత్రం తాగాడు.

తేదీ లేదు

గురువులు మావ తెల్లవారాక పోయాడు. నేను వెళ్లేసరికి ఇంకా వెచ్చగానే ఉన్నాడు.

ఇవాళ తొట్టెలో పుస్తకాలు వేసే రోజు. మిగిలిన పదిహేనింటినీ నెల రోజులు ఆపమని ఉదయ చెప్పిందట. నేను పనిలోకి వెళ్లలేదు, ఎందుకు రాలేదని ఆమె కబురు పంపలేదు. గాలిరేవు వాళ్లం ఇక నేనొక్కదాన్నే. నేను పోయిన రోజును ఎవరు మానేస్తారో తెలియదు. దాని గురించి ఇప్పుడెందుకు.

రేపు పొద్దున లేచి, నీళ్లు తెచ్చి, ఈ పుస్తకంలో ఏడో నెల ఇరవై ఎనిమిది అని వేస్తాను. లోకానికి అది ఎనిమిదో నెల ఒకటి. ఇకనుంచి నా పుస్తకం ఒక రోజు వెనక నడుస్తుంది. ఎప్పుడైనా ఎవరైనా ఈ తేదీలు సరిచూస్తూ ఈ తప్పు పట్టుకుంటే, వాళ్లు ఎవరినీ అడగనక్కర లేకుండా ఇక్కడే రాసి పెడుతున్నాను. ఆ ఒక్క రోజు పేరు గురువులు.